ఏక తరగతి విమానంలో సీటు ఎంపిక

ఏక తరగతి విమానం అనగా ప్రయాణికుల గది అంతటా ఎకానమీ సీట్లు మాత్రమే గల విమానం. ఇందులో బిజినెస్ తరగతి, ప్రథమ తరగతి అనే విభజన ఉండదు. చవక ధరల విమానయాన సంస్థలు ఎక్కువగా ఇటువంటి విమానాలనే నడుపుతాయి. ఈ విమానాలలో సీట్లన్నీ చూచుటకు ఒకే విధముగా ఉన్నప్పటికీ కాళ్ళు చాపుకొనే స్థలం, శబ్దం, కుదుపు, వెలుతురు, దిగుటకు పట్టే సమయం వంటి విషయాలలో వాటి మధ్య గణనీయమైన తేడాలు ఉన్నాయి. అందరికీ అన్ని వేళలా ఉత్తమమైన సీటు అంటూ ఒకటి లేదు. విమానం రకం, ప్రయాణ సమయం, ప్రయాణికుని అవసరం అనే మూడింటిని బట్టి ఏ సీటు మేలైనదో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

చరిత్ర

మొదట్లో అనేక చవక ధరల సంస్థలు సీటు నంబరు కేటాయించకుండా, ముందు ఎక్కినవారు తమకు నచ్చిన చోట కూర్చునే పద్ధతిని పాటించాయి. అమెరికాకు చెందిన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 1971లో సేవలు ప్రారంభించినది మొదలు ఐదు దశాబ్దాలకు పైగా ఈ పద్ధతినే కొనసాగించి, 2026 జనవరి 27 నుండి నంబరు కేటాయించే పద్ధతికి మారింది. ఐరోపాలో ఈజీజెట్ 2012లోను, ర్యానైర్ 2014లోను ఈ మార్పు చేశాయి.

భారతదేశంలో కెప్టెన్ జి. ఆర్. గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్ 2003లో చవక విమానయానానికి నాంది పలికింది. ఈ సంస్థ కూడా ప్రారంభ సంవత్సరాలలో సీటు నంబర్లు లేకుండానే ప్రయాణికులను ఎక్కించుకొనేది. 2005లో స్పైస్‌జెట్, గోఎయిర్, 2006లో ఇండిగో, 2022లో ఆకాశ ఎయిర్ సేవలు ప్రారంభించాయి. వీటిలో గోఎయిర్ 2023 మే నెలలో విమానాలను నిలిపివేసింది. ఇండిగో సంస్థ 2024 నవంబరు నుండి కొన్ని మార్గాలలో బిజినెస్ తరగతిని ప్రవేశపెట్టినప్పటికీ దేశీయ మార్గాలలో నడిచే దాని విమానాలు అత్యధికం ఏక తరగతివే.

సీట్ల అమరిక

భారతదేశంలో ఏక తరగతి సేవలకు ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320, ఏ321, బోయింగ్ 737, ఏటీఆర్ 72 రకాల విమానాలను వాడుతున్నారు.

* ఎయిర్‌బస్ ఏ320: 180 లేదా 186 సీట్లు. నడవకు ఇరువైపులా మూడేసి సీట్లు.
* ఎయిర్‌బస్ ఏ321 నియో: 222 లేదా 232 సీట్లు. అమరిక ఏ320 వలెనే ఉండి, వరుసలు ఎక్కువ.
* బోయింగ్ 737-800, 737 మాక్స్ 8: సాధారణంగా 189 సీట్లు. ఇరువైపులా మూడేసి సీట్లు.
* ఏటీఆర్ 72-600: 78 సీట్ల వరకు. ఇరువైపులా రెండేసి సీట్లు.

మూడేసి సీట్ల విమానంలో ఎడమ నుండి కుడికి సీట్లను ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అనే అక్షరాలతో గుర్తిస్తారు. విమానం ముక్కు వైపు తిరిగి నిలుచున్నప్పుడు ఏ ఎడమ కిటికీ, ఎఫ్ కుడి కిటికీ, సీ మరియు డీ నడవ పక్కవి, బీ మరియు ఈ మధ్యవి అవుతాయి. వరుసల సంఖ్య ముందు నుండి వెనుకకు పెరుగుతుంది. కొన్ని సంస్థలు 13 అనే సంఖ్యను అశుభంగా భావించి ఆ వరుసను వదలివేస్తాయి. లుఫ్తాన్సా, ర్యానైర్ విమానాలలో 12వ వరుస తరువాత 14వ వరుస వస్తుంది.

ఒక సీటుపై ఏదైనా ఒక బిందువు నుండి దాని ముందరి సీటుపై అదే బిందువు వరకు గల దూరాన్ని సీటు పిచ్ అంటారు. ఏక తరగతి విమానాలలో ఇది సాధారణంగా 28 నుండి 31 అంగుళాల వరకు ఉంటుంది. ఈ దూరంలో సీటు వీపు మందం కూడా కలిసి ఉంటుంది. కాబట్టి పలుచని వీపు గల సీట్లలో పిచ్ తక్కువైనా మోకాళ్ళకు కొంత చోటు మిగులుతుంది. వెడల్పు విషయంలో ఏ320 సీటు సుమారు 18 అంగుళాలు, 737 సీటు సుమారు 17 అంగుళాలు ఉంటాయి. 737 విమానపు గది ఏ320 గది కంటే ఇరుకు కావడమే ఈ తేడాకు కారణం.

కిటికీ, మధ్య, నడవ సీట్లు

కిటికీ సీటులో తల ఆనించి నిద్రపోవుటకు వీలుంటుంది. ఇతరులు లేచినప్పుడు కదలవలసిన పని లేదు. కిటికీ తెర వేయుట, తీయుట ఆ ప్రయాణికుని చేతిలోనే ఉంటుంది. అయితే మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తే ఇద్దరిని లేపవలసి ఉంటుంది. గోడ వంపు వలన భుజం వైపు చోటు కొంత తగ్గుతుంది.

నడవ సీటులో లేచి తిరుగుట సులభం. విమానం ఆగిన వెంటనే పై అరలోని సామాను తీసుకోవచ్చు. అయితే ఆహారపు బండి, నడిచేవారి సంచులు మోచేతికి, మోకాలికి తగులుతుంటాయి. పక్కవారు లేచిన ప్రతిసారీ దారి ఇవ్వవలసి ఉంటుంది.

మధ్య సీటును ఎక్కువమంది ఇష్టపడరు. ఇద్దరు కలిసి ప్రయాణించేటప్పుడు కొందరు కిటికీ, నడవ సీట్లను ఎంచుకొని మధ్య సీటును వదలివేస్తారు. ఒంటరి ప్రయాణికులు మధ్య సీటును చివరకు గాని ఎంచుకోరు గనుక విమానం నిండనప్పుడు అది ఖాళీగా మిగిలే అవకాశం ఉంటుంది. విమానం నిండితే మాత్రం ఈ ఎత్తుగడ ఫలించదు.

వరుసను బట్టి తేడాలు

ముందు వరుసలు: రెక్కల క్రింద ఇంజన్లు గల జెట్ విమానాలలో ఇంజన్లకు ముందున్న భాగంలో శబ్దం తక్కువ. ఏరోబ్రిడ్జి ద్వారా దిగేటప్పుడు సాధారణంగా ముందు ద్వారమే తెరుస్తారు కాబట్టి ముందువారు త్వరగా బయటపడతారు. మొదటి వరుసకు ముందు సీటు ఉండదు. అందువలన మోకాళ్ళకు చోటు ఎక్కువ. కాని ముందు సీటు క్రింద సంచి పెట్టుకొనే వీలుండదు గనుక విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు చేతిసంచిని పై అరలోనే ఉంచాలి. భోజనపు బల్ల చేతిపట్టీలో అమర్చి ఉండటం వలన ఆ పట్టీని పైకి ఎత్తుటకు వీలుకాదు.

రెక్కల దగ్గరి వరుసలు: విమానపు గరిమనాభి రెక్కల సమీపంలో ఉంటుంది. గాలి కుదుపులలో విమానం ముక్కు, తోక పైకి క్రిందికి ఊగినప్పుడు ఈ భాగం తక్కువగా కదులుతుంది. ప్రయాణంలో కడుపులో తిప్పేవారికి ఈ వరుసలు అనుకూలం. అయితే కిటికీ నుండి నేలకు బదులు రెక్క కనిపిస్తుంది. 180 సీట్ల ఏ320లో రెక్క సుమారు 10వ వరుస నుండి 18వ వరుస వరకు అడ్డు వస్తుంది.

వెనుక వరుసలు: ఇక్కడ ఇంజను శబ్దం, కుదుపు ఎక్కువ. ఏ320లో వెనుక మరుగుదొడ్ల వద్ద వరుస కట్టి నిలబడేవారి వలన చివరి వరుసలలో ప్రశాంతత తగ్గుతుంది. చివరి వరుస సీట్లు కొన్ని విమానాలలో వెనుకకు వాలవు. అయితే విమానం దూరంగా నిలిచి మెట్ల ద్వారా దించేటప్పుడు వెనుక ద్వారం కూడా తెరిస్తే, మధ్య వరుసలవారి కంటే వెనుకవారే ముందుగా దిగుతారు. ఇండిగో సంస్థ 2022 ఆగస్టులో ముందు రెండు, వెనుక ఒకటి చొప్పున మూడు ద్వారాల నుండి దించే పద్ధతిని ప్రకటించింది.

అత్యవసర ద్వారాల వరుసలు

రెక్కలపైకి తెరుచుకొనే అత్యవసర ద్వారాల పక్కనున్న వరుసలలో కాళ్ళకు చోటు ఎక్కువ. ఈ చోటు సౌకర్యం కోసం ఏర్పడినది కాదు. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్ విమానాశ్రయంలో బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ సంస్థకు చెందిన బోయింగ్ 737 విమానం ఎగరబోతుండగా ఇంజను విఫలమై మంటలు చెలరేగాయి. విమానం నేలపైనే ఆగినప్పటికీ అందులోని 137 మందిలో 55 మంది మరణించారు. రెక్కపై ద్వారం పక్కన కూర్చున్న ప్రయాణికులు దానిని తెరుచుటకు ఇబ్బంది పడటం, అక్కడికి చేరే దారి ఇరుకుగా ఉండటం వంటి విషయాలను దర్యాప్తులో గుర్తించారు. ఆ తరువాత ఈ ద్వారాల వద్ద సీట్ల మధ్య ఎడం పెంచే నిబంధనలు వచ్చాయి.

కాబట్టి ఈ వరుసలో కూర్చునే ప్రయాణికునికి బాధ్యత కూడా ఉంటుంది. అవసరమైతే ద్వారం తెరుచుటకు శారీరక సామర్థ్యం, సిబ్బంది సూచనలు అర్థం చేసుకొనే శక్తి, సహాయం చేయుటకు అంగీకారం ఉండాలి. పిల్లలను, చంటిపిల్లలతో ఉన్నవారిని, గర్భిణులను, ఇతరుల సహాయం అవసరమైన వారిని ఇక్కడ కూర్చోనివ్వరు. రుసుము చెల్లించినప్పటికీ సిబ్బంది వారిని వేరొక సీటుకు మార్చగలరు.

180 సీట్ల ఏ320లో సాధారణంగా 12, 13 వరుసలు అత్యవసర ద్వారాల వరుసలు. ద్వారానికి దారి మూసుకుపోకుండా 11, 12 వరుసల సీట్లను వెనుకకు వాలకుండా బిగిస్తారు. అందువలన ఈ రెండు ద్వారాల వరుసలలో 13వ వరుస మేలైనది. 11వ వరుసలో అదనపు చోటూ ఉండదు, సీటు కూడా వాలదు. ర్యానైర్ వంటి కొన్ని సంస్థల విమానాలలో ఏ సీటూ వాలదు కాబట్టి అక్కడ ఈ తేడా వర్తించదు.

ఏటీఆర్ విమానాలు

ఇండిగో సంస్థ 2017 డిసెంబరులో హైదరాబాదు కేంద్రంగా ఏటీఆర్ సేవలను ప్రారంభించింది. తిరుపతి, రాజమండ్రి వంటి నగరాలకు ఈ విమానాలలో ప్రయాణించిన తెలుగువారు అనేకులు. జెట్ విమానాలకు చెప్పిన సూత్రాలు కొన్ని వీటిలో తారుమారవుతాయి.

* ప్రయాణికులు ఎక్కి దిగే ద్వారం వెనుక భాగంలో ఉంటుంది. సామాను గది ముందు ఉంటుంది. కాబట్టి వెనుక వరుసలవారే ముందుగా దిగుతారు.
* పంఖాలు గది ముందు భాగానికి దగ్గరగా తిరుగుతాయి. శబ్దం, అదురు అక్కడే ఎక్కువ. వెనుక వరుసలు నిశ్శబ్దంగా ఉంటాయి.
* రెక్క గది పైభాగాన ఉంటుంది కాబట్టి దాదాపు అన్ని కిటికీల నుండి నేల కనిపిస్తుంది.
* మధ్య సీటు లేదు. ప్రతి సీటూ కిటికీ పక్కన గాని నడవ పక్కన గాని ఉంటుంది.
* పై అరలు చిన్నవి. పెద్ద చేతిపెట్టెలు వాటిలో పట్టకపోవచ్చు.

చిన్న విమానాలలో ప్రయాణికుల బరువు ఏ భాగంలో ఉన్నదనేది సమతౌల్యాన్ని ప్రభావితం చేస్తుంది. ఖాళీ సీట్లు ఎన్ని ఉన్నప్పటికీ సిబ్బంది అనుమతి లేకుండా, ముఖ్యంగా విమానం ఎగురుటకు ముందు, స్థానం మారరాదు.

ఎండ మరియు దృశ్యాలు

పగటి ప్రయాణంలో ఏ వైపు ఎండ పడుతుందో దిశను బట్టి ముందే తెలుసుకోవచ్చు. హైదరాబాదు నుండి ఢిల్లీకి విమానం ఉత్తర దిశగా వెళుతుంది. ఉదయం పూట ఎండ కుడివైపు, అనగా డీ, ఈ, ఎఫ్ సీట్ల వైపు పడుతుంది. సాయంత్రం ఎడమవైపు పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. హైదరాబాదు నుండి విశాఖపట్నం వెళ్ళేటప్పుడు విమానం తూర్పుగా సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు గనుక కుడివైపు ఎండ ఎక్కువ.

దృశ్యాల కోసం కూడా ఇదే లెక్క ఉపయోగపడుతుంది. ఢిల్లీ నుండి బాగ్డోగ్రాకు లేదా గౌహతికి వెళ్ళేటప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటే ఎడమ కిటికీ నుండి హిమాలయ శిఖరాలు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో కుడి కిటికీ ఎంచుకోవాలి.

ఒకే నంబరు, వేర్వేరు సీట్లు

2025 జూన్ 12న అహ్మదాబాదు నుండి లండన్ బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787 విమానం కూలిపోయి, అందులోని 242 మందిలో 241 మంది మరణించారు. ప్రాణాలతో బయటపడిన ఒకే ఒక ప్రయాణికుడు 11ఏ సీటులో ఉన్నాడు. ఆ తరువాత 11ఏ సీటు కోసం పలువురు ప్రయాణికులు ఆసక్తి చూపినట్లు వార్తలు వచ్చాయి. కాని ఒకే నంబరు గల సీటు అన్ని విమానాలలోను ఒకే చోట ఉండదు.

* ప్రమాదానికి గురైన 787 రెండు తరగతుల విమానం. అందులో 11ఏ ఎకానమీ తరగతి మొదటి వరుసలో, ఒక ద్వారం పక్కన ఉన్నది.
* 180 సీట్ల ఏక తరగతి ఏ320లో 11ఏ అత్యవసర ద్వారానికి ముందు వరుసలోని, సాధారణంగా వెనుకకు వాలని సీటు.
* ర్యానైర్ సంస్థ బోయింగ్ 737-800 విమానాలలో 11ఏ పక్కన కిటికీయే లేదు. ఆ చోట గోడలో గాలిని పైకి తీసుకుపోయే గొట్టాలు ఉంటాయి.

కాబట్టి నంబరును బట్టి కాక, ప్రయాణించబోయే విమానపు సీట్ల పటాన్ని చూచి ఎంపిక చేసుకోవాలి. చివరి నిమిషంలో విమానం రకం మారితే ముందుగా ఎంచుకున్న సీటు స్వభావం కూడా మారిపోతుంది.

సీటు మరియు భద్రత

2007లో అమెరికా పత్రిక పాపులర్ మెకానిక్స్ 1971 తరువాతి 20 ప్రమాదాలను పరిశీలించి, వెనుక భాగంలోని వారిలో 69 శాతం, ముందు భాగంలోని వారిలో 49 శాతం బ్రతికినట్లు ప్రచురించింది. బ్రిటన్‌లోని గ్రీనిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మంటలు చెలరేగిన ప్రమాదాలలో, పనిచేసే ద్వారానికి ఐదు వరుసల లోపు ఉన్నవారికి బయటపడే అవకాశం ఎక్కువ. అయితే ప్రతి ప్రమాదం తీరు వేరు. ఏ ద్వారం పనిచేస్తుందో ముందుగా తెలియదు. అందువలన ఏ సీటునూ సురక్షితమైనదని ఖచ్చితంగా చెప్పలేము.

సీటు ఏదైనా ప్రయాణికుడు చేయగలిగిన పనులు రెండు ఉన్నాయి. కూర్చున్న వెంటనే ముందు, వెనుక ఉన్న ద్వారాలు ఎన్ని వరుసల దూరంలో ఉన్నాయో లెక్కించుకోవడం మొదటిది. పొగలో కళ్ళు కనిపించనప్పుడు సీట్లను తడిమి లెక్కపెట్టుకుంటూ ద్వారం చేరుటకు ఇది ఉపకరిస్తుంది. కూర్చున్నంత సేపూ సీటు బెల్టు పెట్టుకొని ఉండటం రెండవది. 2022 మే 1న ముంబై నుండి దుర్గాపూర్ వెళుతున్న బోయింగ్ 737 విమానం తీవ్రమైన గాలి కుదుపులకు లోనై పలువురు గాయపడ్డారు.

రుసుములు మరియు నిబంధనలు

భారతదేశంలో 2013లో సీటు ఎంపికకు టికెట్టు ధర కాక వేరుగా రుసుము వసూలు చేసుకొనుటకు విమానయాన సంస్థలకు అనుమతి లభించింది. ఇది ప్రయాణికుని ఇష్టపూర్వకమైన సేవగా ఉండాలి. సాధారణంగా మొదటి వరుసకు, అత్యవసర ద్వారాల వరుసలకు రుసుము ఎక్కువ. 2018 నవంబరులో వెబ్ చెక్-ఇన్‌లో అన్ని సీట్లకూ రుసుము విధించే విధానంపై విమర్శలు రాగా, కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ దానిని సమీక్షిస్తామని ప్రకటించింది. 2022 జులైలో, విమానాశ్రయపు కౌంటరులో బోర్డింగ్ పాస్ ఇచ్చుటకు అదనపు రుసుము తీసుకోరాదని అదే శాఖ సూచించింది.

రుసుము చెల్లించి సీటు ఎంచుకోనివారికి సంస్థయే ఒక సీటు కేటాయిస్తుంది. రుసుము కట్టనంత మాత్రాన ప్రయాణానికి ఆటంకం ఉండదు. అయితే కలిసి వెళ్ళేవారు వేరువేరు చోట్ల కూర్చోవలసి రావచ్చు. 2024 ఏప్రిల్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జారీ చేసిన ఆదేశం ప్రకారం 12 సంవత్సరాల లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్‌పై ప్రయాణిస్తున్న తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలి. పిల్లలు దూరమవుతారనే భయంతో రుసుము చెల్లించే కుటుంబాలు ఈ నిబంధనను తెలుసుకొని ఉండుట మంచిది.

అవసరాన్ని బట్టి ఎంపిక

* మొదటిసారి ప్రయాణించేవారు, దృశ్యాలు చూడగోరేవారు: రెక్కకు ముందు లేదా బాగా వెనుక, ఎండ పడని వైపు కిటికీ సీటు.
* పొడవైనవారు: అత్యవసర ద్వారాల వరుస లేదా మొదటి వరుస. రుసుము వద్దనుకుంటే నడవ సీటు.
* వృద్ధులు, మోకాళ్ళ నొప్పి గలవారు, గర్భిణులు, తరచుగా మరుగుదొడ్డికి వెళ్ళవలసినవారు: మరుగుదొడ్డికి కొద్ది వరుసల దూరంలోని నడవ సీటు.
* చంటిపిల్లలతో ఉన్నవారు: ఏ320 వంటి విమానాలలో మూడు సీట్లపై సాధారణంగా నాలుగు ప్రాణవాయువు ముసుగులు ఉంటాయి. కాబట్టి ఒకే మూడు సీట్ల వరుసలో ఇద్దరు చంటిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టనివ్వరు. ఇద్దరు పసివారు గల కుటుంబం నడవకు ఇరువైపులా సీట్లు తీసుకోవాలి.
* కుదుపులంటే భయపడేవారు: రెక్కల దగ్గరి వరుసలు.
* దిగి వేరొక విమానం అందుకోవలసినవారు: జెట్ విమానంలో ముందు నడవ సీటు, ఏటీఆర్‌లో వెనుక సీటు.
* గల్ఫ్ దేశాల వంటి సుదూర ప్రయాణాలు చేసేవారు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. లేచి నడుచుటకు నడవ సీటు అనుకూలం.

మర్యాదలు

సీటు మార్చుకొనమని పక్కవారిని అడుగుటలో తప్పు లేదు. వారు నిరాకరించినా తప్పు లేదు. వారు ఆ సీటుకు రుసుము చెల్లించి ఉండవచ్చు, లేదా ఆరోగ్య కారణాల వలన ఎంచుకొని ఉండవచ్చు. అడిగేవారు తమకున్న దానితో సమానమైన లేదా మేలైన సీటును ఇవ్వజూపడం సముచితం. మార్పిడి సిబ్బందికి తెలిపి చేసుకోవాలి. కిటికీవారికి గోడ, నడవవారికి నడవ ఉంటాయి గనుక రెండు వైపుల చేతిపట్టీలను మధ్య సీటువారికి వదలివేయడం ఆనవాయితీ. సీటును వెనుకకు వాల్చే ముందు వెనుకవారు భోజనం చేస్తున్నారేమో చూచుకోవాలి.